హైమావతి గీత

నేను ఒక జత కళ్ళను. చూపు మాత్రం ఎప్పుడూ అరువుదే. పేరు బైనాక్యులర్స్. ఏ దేశంలోనో గాజు అరగదీసి, ఇత్తడి గొట్టాల్లో బిగించి, పైన నల్ల తోలు తొడిగారు. ఓడలో పనిచేసే ఒకతను నన్ను కాకినాడలో దింపి పోతే, ఒక కొబ్బరితోట ఆసామి చేతికి వచ్చాను. పదేళ్ళపాటు ఆయన అరుగు మీంచి కదలకుండా, చెట్టెక్కినవాడు ఎన్ని కాయలు పక్కకు విసురుతున్నాడో నాలోంచి చూశాడు. దూరాన్ని దగ్గర చేసే వస్తువు దొరికితే మనిషి ముందు చూసేది దొంగనే.

ఆయన పోయాక వాళ్ళావిడ నన్ను పక్కింటి హైమావతికి ఇచ్చేసింది. ఇందులోంచి చూసి ఆయన ఒక్కనాడూ సుఖపడలేదు, నువ్వన్నా మంచివి చూడమంది.

హైమావతి పిట్టల్ని చూసింది. ఏటా కార్తీక పున్నమి మర్నాడు భర్త పానకాలరావు మాస్టారితో బస్సెక్కి కొల్లేటి గట్టు మీద దిగేది. పడవ నడిపే పెద్దిరాజు దోనెతో సిద్ధంగా ఉండేవాడు. ఆవిడ చూసి లెక్క చెప్పేది, ఆయన నోటుబుక్కులో ఎక్కించేవాడు: గూడబాతులు ఇన్ని, పరజలు ఇన్ని. పేజీ అడుగున ‘చూసినది హైమావతి, రాసినది పానకాలరావు’ అని సంతకంలా ఉండేది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పిల్లల్ని తప్ప దేన్నీ తేరిపార చూసి ఎరగని మాస్టారు, భార్య చెప్పిన పిట్టనల్లా నమ్మేశాడు.

ఆవిడ కుడికన్ను చిన్నప్పట్నుంచీ మందం. నా కుడి గొట్టం మీద ఒక చక్రం ఉంది. దాన్ని మూడో గీత దాకా తిప్పితేనే ఆవిడకు రెండు కళ్ళూ కలిసేవి. అక్కడే ఉంచేసింది. ఒక గూడబాతుకు గొంతు సంచి వల తగిలి చిరిగి ఉండేది. దోనె ఎక్కగానే ముందు దాన్నే వెతికేది.

ఆవిడ పోయాక మాస్టారు ఒక్కడే రావడం మొదలుపెట్టాడు. మూడో గీత ఆయన కంటికి సరిపడదు. ఒక కంట కొంగ, ఇంకో కంట పొగమంచు. కుడికన్ను మూసుకుంటే సరిపోను, మూయడు. చక్రం తిప్పితే సరిపోను, తిప్పడు. మసకలోనే లెక్కపెట్టి, అడుగున ‘చూసినది హైమావతి’ అనే రాసేవాడు. అబద్ధమని నేననను. చక్రం మీద ఆవిడ వేళ్ళు ఇంకా ఉన్నట్టే ఉండేది నాకూ.

మూడేళ్ళు ఆ చిరుగు సంచి పిట్ట కనబడలేదు. నాలుగో ఏడు, పిట్టలు వాలడానికి కట్టిన ఇనుప మంచెల దగ్గర పెద్దిరాజు దోనె నెట్టే గెడ ఆపాడు.

“మేస్టారండీ, అమ్మగారి పిట్టండి. మూడో మంచె మీద.”

“నాకు ఆనట్లేదురా.”

“ఓసారి ఇలా ఇవ్వండి.”

మాస్టారు ఆదమరిచి ఇచ్చేశాడు. పెద్దిరాజు కంటికి ఆనించుకుని, విసుక్కుని, చక్రాన్ని బరబరా తిప్పాడు. అదేనండి అంటూ నన్ను తిరిగి ఇచ్చాడు. మాస్టారు చూశాడు. చిరుగు సంచి, దాని అంచున వేలాడే తోలు పోగు, పసుపు కన్ను, అన్నీ. అంత స్పష్టంగా ఆయన నాలోంచి ఏదీ చూసి ఎరగడు. చూస్తూ చూస్తూ ఆయన వేళ్ళు చక్రాన్ని తడిమాయి.

“దీన్ని ఎంత తిప్పావురా?”

“ఏమోనండి. కనబడేదాకా తిప్పేనండి. తప్పాండీ?”

మాస్టారు నోటుబుక్కు తెరిచాడు. పేజీ అడుగున ‘చూసినది’ దగ్గర కలం చాలాసేపు ఆగింది. చివరికి తన పేరే రాసుకున్నాడు. గట్టు చేరేదాకా పరజలు గుంపులుగా నెత్తి మీంచి పోతూనే ఉన్నాయి. ఆయన తలెత్తలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుంటాడు. ఎదురింటి డాబా మీద వాలే కాకుల వైపు నన్ను పెట్టి చక్రం తిప్పుతాడు. గీతల్ని ఆయన ఏనాడూ లెక్కపెట్టుకోలేదు. ఆయనకు గుర్తున్నదల్లా ఆ మసక. అది ఎంత ఉండేదో గుర్తుచేసుకుంటూ కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు తిప్పుతాడు. మూడో గీత అని నాకు తెలుసు. చూపే అరువు తెచ్చుకునేదాన్ని, నోరెక్కడిది?

నిన్న సరిగ్గా ఆ గీత మీదకు వచ్చాడు. కాకి మసకబారింది. వేలు ఆగింది. నాలోని గాజంతా బిగుసుకుపోయింది.

“ఇది కాదులే” అనుకుని, ఇంకొంచెం తిప్పాడు.