యోయో మీది చీటీ

విరుదునగర్ కల్యాణమండపంలో, ఆ అద్దాల పెట్టె ముందు నిలబడ్డ కలైసెల్వికి ఒళ్ళు మండిపోయింది. పాతకాలపు కట్టె యోయోల ప్రదర్శన అది. ఈ పక్క మొట్టమొదట తయారైనవంటూ నడిమధ్యన పెట్టినవి కోవిల్‌పట్టిలో వాళ్ళ ఇంటి అటక మీదివే. తమ్ముడు పాండియరాజన్ ఆమెతో ఒక్క మాటైనా అనకుండా ప్రదర్శనకు అరువిచ్చాడు. పక్కన నిలబెట్టిన అట్ట మీద ‘తయారీ: పొన్వేల్ స్టోర్’ అని మాత్రమే ఉంది.

“నాయన పేరు యాడ?” అంది.

ప్రదర్శన పెట్టిన జెయకుమార్ కూడా వాళ్ళలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. నవ్వుకుంటూ వచ్చాడు. “యోయో మీద కొట్టు చీటీ ఉండాది గదక్కా. సేకరించేవాళ్ళు దాన్నే చూస్తారు. చీటీ చినగకుండా ఉంటేనే దానికి గౌరవం.”

“ఆ చీటీ అంటించింది నేను.”

వాళ్ళ నాయన వెళ్ళైసామి వసారాలో తరిణె మీద కట్టె తిప్పుతూ చెక్కి, అది తిరుగుతుండగానే లక్క ఒత్తి ఎరుపూ పసుపూ పట్టించేవాడు. కొట్టు యజమాని చీటీల కట్ట పంపేవాడు. అగ్గిపెట్టెలకు అంటించినట్టే, చింతగింజల జిగురు రాసి ఇంట్లో ఆడపిల్లలు అంటించేవాళ్ళు. యజమాని ఏనాడూ ఉలి పట్టింది లేదు. నాయన వేళ్ళ మీద లక్క కాలిన మచ్చలు కడదాకా మాయలేదు.

“పోనీలేక్కా,” పాండియరాజన్ గొణిగాడు. “కొట్టు మొదలాళి మనవడు ఆడనే కూచోనుండాడు. పెద్దోళ్ళు.”

“ఇంకా ఏమి మొదలాళిరా నీకు? ఆయన పోయె, కొట్టు మూసిరి, మనవడు సెల్‌ఫోన్లు అమ్ముకుంటా ఉండాడు. నీవు మాత్రం ఇంకా చేతులు కట్టుకోనే నిలబడుండావు.”

చూడవచ్చిన ఆడవాళ్ళెవరో కిసుక్కున నవ్వారు. జెయకుమార్ ముఖం ముడుచుకుంది.

“పేరు రాసేదానికి ఆధారం కావాలక్కా. మీ నాయన సంతకం ఏదన్నా ఉండాదా?”

“సంతకం పెట్టేదానికి ఆయన్ని ఎవరు విడిచినారు? చేసినోని బిడ్డ చెప్తే ఆధారం కాదు, కొట్టోడు అచ్చేసిన కాగితం ఆధారమా? పేరు రాయి. లేదంటే పెట్టె తెరువు.”

“సభ కానీక్కా, అప్పుడు చూస్తాం. పెద్దమనుషులు వచ్చే టైము.”

కలైసెల్వి తానే అద్దం పక్కకు జరిపింది. యోయోలన్నీ తీసి గుడ్డసంచిలో వేసుకుంది. అట్ట తీయబోయిన తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆపింది.

“అది ఉండనీరా. వాళ్ళు చేసింది అదొకటే.”