ఆరో రోజు తీసిన తలుపు

ఛీ, మనుషుల మీద రోత పుట్టడానికి పెద్ద యుద్ధాలేం రానక్కర్లేదు. పద్నాలుగు తలుపులు చాలు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా పల్లెలో బడికి స్లాబు పోసిన సంగతి చెబుతున్నాను. మాది గురజాలకు నాలుగు మైళ్ళు. పాత బడికి నాపరాళ్ళ కప్పు ఉండేది. దూలానికి చెదలు పట్టి ఒక ఆదివారం అది కాస్తా కూలింది. బడి లేని రోజు కాబట్టి పిల్లలు బతికిపోయారు. ఆ రోజునుంచి గ్రేసమ్మ టీచరమ్మ మిషను వాళ్ళ చుట్టూ, సిమెంటు పర్మిట్లిచ్చే ఆఫీసు చుట్టూ తిరిగి, చెప్పులరగదీసుకుని, పదహారు బస్తాల సిమెంటూ ఇనప చువ్వలూ సాధించింది. అదీ ఒక్కసారికే. మళ్ళీ అడిగితే ఇచ్చేది లేదని కాగితం మీదే రాసిచ్చారు. జూన్‌లో ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి కప్పున్న గది చూపించకపోతే బడి ఎత్తేస్తారు. మా పిల్లలు మళ్ళీ ఆసాముల గొడ్ల వెంట పోవాల్సిందే.

నా పేరు జోసెఫ్. వడ్రంగం నా పని. ఓవర్సీరు ధనుంజయరావు గారి కింద మూడేళ్ళు వంతెనల దగ్గర సెంట్రింగు కొట్టాను. కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని కిందనుంచి మోసే చెక్కల పరుపే సెంట్రింగు. ఆ పని తెలిసినవాడు చుట్టుపక్కల పది ఊళ్ళలో నేనొక్కడినే. ఆ పొగరు నాకు దండిగా ఉండేది, దాచుకోవడం దేనికి?

కర్రలు తెచ్చుకున్నాం. చెక్కలే దొరకలేదు. యుద్ధం పేరు చెప్పి ఉన్న కలపంతా ఊడ్చుకుపోయారు. అప్పుడు టీచరమ్మ ప్రార్థన అయ్యాక గుడిలోనే అడిగింది. పల్లెలో చెక్క తలుపులున్న ఇళ్ళు పద్నాలుగు. మిగతావన్నీ తడికెలే. పద్నాలుగిళ్ళ వాళ్ళూ తలుపులు ఊడబెరికి మోసుకొచ్చారు. సంఘం పెద్ద దానయ్య మామ అందరికంటే ముందు తెచ్చాడు. ఆ రోజు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అదీ చేదు నవ్వు.

కాంక్రీటు అంటుకోకుండా తలుపులకు ఆముదం పూసి పక్కపక్కన పరిచాను. కాంక్రీటు పోసిన రోజున పల్లె పల్లెంతా చుట్టూ చేరింది. ఇక చూడండి, నా నోరు ఆగితేనా!

"ఇదుగో, ఈ నిలువు కర్రను ప్రాప్ అంటారు. మనం పోటు అందాం. దీని కాలి కింద ఎదురెదురుగా దూర్చిన రెండు ముక్కలు చీలలు, దొరలు వెడ్జులంటారు. లోపలికి కొడితే పోటు బిగుస్తుంది. బయటికి కొడితే దిగుద్ది, పైన తలుపు వదులైపోద్ది. అట్టా విప్పటాన్ని స్ట్రైకింగ్ అంటారు. ఇరవయ్యొక్క రోజులదాకా ఎవరూ చెయ్యి పెట్టగూడదు."

"ఏందిరా ఇరవయ్యొక్క రోజులు?" అన్నాడు దానయ్య మామ. "నాపరాయి పరిస్తే ఆ పూటే కింద మంచమేసుకుంటాం గదరా!"

"అది పుట్టుకతోనే రాయి మామా. ఇదింకా పిండి. రాయి కావాల."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎక్కడ కొడితే ఏది ఊడుతుందో అన్నీ పేరుపేరునా నేర్పాను. ఎందుకు కొట్టకూడదో మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాను.

స్లాబు మీద మట్టితో కట్టలు కట్టి, రోజూ నీళ్ళు నిలబెట్టే పని దేవమ్మత్తకు అప్పగించాం. మూడో రోజున నా భార్య హన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. మా తలుపూ బడికే ఇచ్చాం గనక పురిటింటికి తలుపు లేదు. గుమ్మానికి గోనెపట్టా కట్టాను. ఆరో రోజు మధ్యాహ్నం ఒక ఊరకుక్క పట్టా కింద దూరి పసిగుడ్డు పక్కన మూతి పెట్టింది. హన్నమ్మ పెట్టిన కేకకు పరుగెత్తుకొచ్చి కుక్కను తరిమాను.

"ఊరందరి బిడ్డలకీ కప్పేస్తివి. నీ బిడ్డకి తలుపు లేకపోయెనే!" అని ఏడ్చింది.

నేరుగా బడికి పోయాను. నా తలుపు గోడ వార ఉంది. అంచున స్లాబును గోడే మోస్తుంది, అక్కడ ఒక్కటి తీస్తే ఏమీ కాదు. బరువంతా నడిమి పోట్ల మీద ఉంటుంది. ఇది నాకు తెలుసు. చీలలు కొట్టి పోటు దించి నా తలుపు లాక్కున్నాను. నిచ్చెన మీదనుంచి దేవమ్మత్త చూసింది.

"ఏంది జోసెఫూ, తలుపులు తీసుకోవచ్చా?"

"నాది గోడ వారది అత్తా. ఏం గాదులే" అని తలుపు నెత్తికెత్తుకుని వచ్చేశాను. మిగతావి ముట్టుకోవద్దని చెప్పాలని తోచనైనా తోచలేదు. కాంక్రీటు పోసిన రోజున అంత పెద్ద నోరు పెట్టుకుని చెప్పినవాణ్ణి, అప్పుడెందుకు మూగపోయానో!

మర్నాడు బడి కిటికీల చట్రాల కోసం మాచర్ల పోయి, మూడో రోజున తిరిగొచ్చాను. బడిలోకి తొంగి చూశాను. పోట్లన్నీ ఒక మూల చక్కగా పేర్చి ఉన్నాయి. చీలలు ఒక గంపలో పోశారు. నేను నేర్పినట్టే, ఒక్క చెక్కయినా చిట్లకుండా విప్పుకున్నారు. నడిమిన అంతోని అనేవాడి తలుపు ఒక్కటే మిగిలింది. అదీ వాడు ఊళ్ళో లేడు గనక. దాని పక్కన స్లాబు కడుపు దిగింది. వేలు పట్టేంత నెర్రె.

పల్లెలోకి పరుగెత్తాను. "తలుపులు తీసుకురండి! పోట్లు మళ్ళీ ఎత్తాల, తొందరగా!"

దానయ్య మామ అరుగు మీద కూర్చుని చుట్ట నములుతున్నాడు. "ఇప్పుడే గదరా కీలు బిగించింది" అన్నాడు. ఇంకొకాయన, చుట్టాలొచ్చారు, సాయంత్రం చూద్దామన్నాడు. దేవమ్మత్త తన తలుపు మీద మిరపకాయలు ఆరబోసింది. "కాయలెత్తాక తెస్తాలే నాయనా" అంది. థూ! మొన్నటికి మొన్న గుడిలో ఏడుస్తూ తలుపులు మోసుకొచ్చింది ఈ మనుషులే. అరిచాను. తిట్టాను. కాళ్ళు పట్టుకున్నాను. నలుగురు లేచారు, అదీ విసుక్కుంటూ. మొదటి తలుపు వీధి మలుపు తిరిగిందో లేదో, బడి వైపునుంచి పెద్ద చప్పుడు. తెల్లటి దుమ్ము గోడల పైకి లేచింది.

అదృష్టం, లోపల ఎవరూ లేరు. పదహారు బస్తాల సిమెంటు ముక్కలై నేల మీద పడి ఉంది. దాని కింద అంతోని తలుపు రెండుగా విరిగింది.

టీచరమ్మ వచ్చింది. ఏడవలేదు. అడిగింది: "ముందు ఎవరి తలుపు తీశారు?"

దానయ్య మామ నేల చూశాడు. దేవమ్మత్త నన్ను చూసి, చటుక్కున మొహం తిప్పుకుంది. బాలింత ఇంట్లో ఉన్న మనిషి, పోనీలే అని నన్ను దాచారు. నాకు అందరికంటే ఎక్కువ రోత పుట్టింది ఆ దయ మీదనే. అప్పుడు నేనేం చేశానో తెలుసా? అందరికంటే గట్టిగా వాళ్ళను తిట్టాను. బుద్ధిలేని మందన్నాను. సిగ్గు లేకుండా, గొంతు బొంగురుపోయేదాకా తిట్టాను.

జూన్‌లో ఇన్‌స్పెక్టరు వచ్చి, గోడలు చూసి, రాసుకుని పోయాడు. మా పెద్దపిల్ల ఇప్పుడు ఆసాముల మిరప తోటలో కలుపు తీస్తోంది.

టీచరమ్మ ఊరు విడిచి వెళ్ళే ముందు పసిదాన్ని చూడటానికి మా ఇంటికి వచ్చింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేసింది. తలెత్తేసరికి ఎదురుగా తలుపు. ఆముదం సరిగ్గా అంటని చోట అరచేతి మందాన కాంక్రీటు పట్టుకుని ఉంది. ఉలి పెట్టి గీకాను, బాడిసెతో చెక్కాను, ఊడలేదు. రాయైపోయింది. వీధిలోకి కనపడకుండా ఆ మొహం లోపలికి తిప్పి బిగించాను.

టీచరమ్మ లేచి దాని మీద చెయ్యి ఆనించి చూసింది. పల్లెలో మిగతా తలుపులన్నీ ఆమె చూసే ఉంటుంది. నా దాని మీద పట్టినంత మందం ఇంకే తలుపు మీదా లేదు; కాంక్రీటు లేతగా ఉన్నప్పుడు, అందరికంటే ముందు తీసిన చెక్కకే అలా అంటుకొస్తుంది.

నేను పక్కకు తప్పుకున్నాను.

ఆమె బిడ్డను హన్నమ్మకిచ్చి గుమ్మం దాటింది. వెనక్కి తిరక్కుండానే అంది:

"తలుపేసుకో జోసెఫూ. బిడ్డకు గాలి తగులుద్ది."