బొటనవేలి ముక్క

కొవ్వొత్తి అన్న మాటలో కొవ్వు నాది, ఒత్తి మా ఆవిడది. పెళ్ళయిన కొత్తలో ఈ ముక్క అంటే ఆవిడ నవ్వలేదు. తర్వాత ఎన్నిసార్లు అన్నా నవ్వలేదు. ఒకసారి మాత్రం, "మీ నోట్లో ఇంత మైనం పోస్తే గాని ఈ ఇంట్లో మౌనం ఉండదు" అంది. మైనానికీ మౌనానికీ ఎలా ముడిపెట్టిందో చూశారా అని ఆ రోజంతా పనిలో ప్రతివాడికీ చెప్పుకు తిరిగాను. నా జోకులకి ఆవిడ నవ్వకపోవడం, ఆవిడ జోకుకి నేను చాటింపు వెయ్యడం, అదే మా కాపురం.

చాటింపు నాకు వృత్తి కూడాను. రైల్వే స్టేషన్లో మైకు ముందు కూచుని వచ్చే బండ్లూ పోయే బండ్లూ చెబుతాను. ఇంట్లోనూ అదే గొంతు. మంచినీళ్ళు అడిగితే పక్కింటివాళ్ళు కూడా గ్లాసు పట్టుకొచ్చేవారు.

పోయిన చలికాలంలో ఆవిడ పోయింది. చిన్న జ్వరమే అనుకున్నాం. అనుకుంటూ ఉండగానే అయిపోయింది. ఆలస్యంగా వచ్చే బండి గురించి ఎలా చెప్పాలో నాకు నేర్పారు గాని, వేళకి ముందే వెళ్ళిపోయిన బండి గురించి ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు.

ఇంట్లో నేనూ మా అత్తగారూ మిగిలాం. మామగారు పోయినప్పటినుంచీ ఆవిడ మా దగ్గరే. ఇన్నేళ్ళలో ఆవిడ నాతో ఎదురుగా ఒక్క మాట మాట్లాడి ఎరగదు. సిగ్గో, మర్యాదో, నా గొంతంటే భయమో. ఏం చెప్పాలన్నా కూతురికే చెప్పేది. "మీ ఆయన్ని అన్నానికి లెమ్మనవే" అని ఆవిడ అంటే, "మీ అమ్మకి చెప్పు, వస్తున్నానని" అని నేను. ముగ్గురం ఒకే గదిలో, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. మధ్యలో మా ఆవిడ వెనక గది గుమ్మంలో నిలబడి, కొవ్వొత్తుల మైనం కోసే కత్తి చేత్తో పట్టుకుని, "ఇద్దరికీ వినబడిందిగా, ఇంక నేనెందుకు" అనేది.

కర్మకాండలయ్యాయి, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం అత్తగారు కంచం పెట్టి, వెనక గది గుమ్మం వైపు తిరిగి అంది. "మీ ఆయన్ని అన్నానికి లెమ్మనవే."

గుమ్మంలో ఎవరూ లేరు. తెర ఉంది, తెర వెనక గది ఉంది, గదిలో మా ఆవిడ బల్ల ఉంది. నా వీపు మీద ఎవరో చల్లటి అరచెయ్యి పెట్టినట్టయింది. ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ నేనూ ఆ గుమ్మానికే జవాబు చెప్పాను. వస్తున్నానని చెప్పు, అన్నాను.

అలా మొదలైంది. ఉప్పు తక్కువైందన్నా, గ్యాసు అయిపోయిందన్నా, ఇద్దరం గుమ్మంతోనే. కొన్నాళ్ళకి అది ఎంత మామూలైపోయిందంటే, మాట చెప్పాక ఇద్దరం ఓ క్షణం ఆగేవాళ్ళం. మా ఆవిడ విసుక్కోవడానికి టైమివ్వాలిగా.

ఎండలు ముదిరాక ఒకరోజు అత్తగారు గుమ్మానికి ఒక సంగతి చెప్పింది. చిన్నకొడుకు రమ్మని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడట. "నువ్వు తెచ్చిపెట్టుకున్న మైనం అయిపోగానే వెళ్తాను. నీ పని సగంలో వదిలేసి పోవడం నాకిష్టం లేదు. మీ ఆయనకి చెప్పు."

సరేనని చెప్పు, అన్నాను. అనేశాక తెలిసొచ్చింది. గుమ్మంతో ఒక్కడే మాట్లాడితే పిచ్చి. ఇద్దరు మాట్లాడితే సంసారం. అత్తగారు బండెక్కితే నాకు పోయేది ఒక మనిషి కాదు, ఇద్దరు. పైగా ఆ బండి బయల్దేరుతోందని నా నోటితో నేనే చెప్పాలి. ఉండిపొమ్మని అడగొచ్చు కదా అంటారు. ఎవరిచేత అడిగించను?

వెనక గదిలో మా ఆవిడ ముక్కల కొవ్వొత్తులు చేసేది. వాటిని కొనే బహుమతుల దుకాణం ఆవిడ ఇంకా ఎదురుచూస్తోంది, కొట్టు కిటికీలో పెట్టి అమ్ముకోవడానికి. మా ఆవిడకి తోడు మేమూ కూచునేవాళ్ళం గనక ఏది ముందో ఏది వెనకో ఇద్దరికీ తెలుసు. మైనం గిన్నెని మరిగే నీళ్ళగిన్నెలో పెట్టి కరిగించాలి. రంగు బిళ్ళ వెయ్యాలి. వెడల్పాటి ట్రేలో వేలి మందాన పొయ్యాలి. అది గట్టిపడీ గట్టిపడకుండా ఉన్నప్పుడు చతురస్రాలుగా కోయాలి. తర్వాత రేకు అచ్చులో నూనె రాసి, మధ్యలో ఒత్తి నిలబెట్టి, చుట్టూ ఆ రంగు ముక్కలు పేర్చి, పైనుంచి వేడి తెల్లమైనం పోస్తే, చల్లారాక తెల్లటి స్తంభం, లోపల రంగుల కిటికీలు. ఎంత నిండుగా పోసినా చల్లారేసరికి ఒత్తి చుట్టూ గుంట పడుతుంది. మళ్ళీ కాచి గుంట పూడ్చాలి.

అంతటికీ కిటుకు ట్రే దగ్గర ఉంది. తొందరపడి కోస్తే కత్తికి అంటుకుంటుంది. ఆలస్యమైతే పెళ్ళున పగులుతుంది. మా ఆవిడ కుడిచేత్తో కత్తి పట్టుకుని, ఎడమ బొటనవేలితో ట్రే మూల నొక్కేది. వేలికి అంటకుండా ముద్ర పడితే అదే సమయం. ఓసారి కత్తి జారి ఆ వేలి మీద ఏటవాలుగా తెగింది. మానింది గాని గీత పోలేదు. ఆ తర్వాత ప్రతి ట్రేలోనూ ఒక మూల ముక్క మీద ముద్రా, ముద్ర మీద అడ్డంగా గీతా. కొట్టేసిన సంతకంలా ఉందని నేనంటే, "చెల్లని చెక్కుని చేసుకున్నవాళ్ళకి చెల్లే సంతకమెందుకు" అంది.

ఆవిడ వదిలేసిన పని ఇద్దరం అందుకుని, నా సెలవురోజున ఎరుపు ట్రే పోశాం. బరువు మొయ్యడం నేను, చూడటం అత్తగారు. పోశాక నేను చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి వచ్చాను. అత్తగారు పొయ్యి దగ్గర ఉంది. ట్రే మూల బొటనవేలి ముద్ర.

నాకు చేతుల తడి ఆరలేదు, నోరు ఆరిపోయింది. బతికుండగా సంతకం, ఇప్పుడు వేలిముద్రా అని నాలో నేను జోకేసుకున్నాను. దగ్గరికెళ్ళి గీత ఉందో లేదో చూసే ధైర్యం లేక, కళ్ళు మూసుకున్నంత పని చేసి కత్తి అత్తగారికే అందించాను. ఆ ముక్క మిగతావాటితో పాటు అచ్చులోకి పోయింది. తర్వాత సెలవుకి ఆకుపచ్చ ట్రే. మళ్ళీ నేను పెరట్లోకి, మళ్ళీ మూల ముద్ర. అప్పట్నుంచి నేను మైకు ముందు కూచున్నా వీపు వెనక ఎవరో నిలబడి, ఇంకా వేడిగానే ఉంది, ఇంకా వేడిగానే ఉంది అంటున్నట్టుండేది. ఒకరోజు ఒకటో నంబరు మీదికి వచ్చే బండిని మూడో నంబరు మీదికి పిలిచాను. జనం నన్ను తిట్టుకుంటూ మెట్లెక్కారు.

భయం ఒకవైపు, అటకమీద మైనం దిమ్మ అరిగిపోవడం ఒకవైపు. అది పోయే కొద్దీ అత్తగారి సంచీ నిండుతోంది. చీరలు మడతపెట్టేసింది. చూసి చూసి, డ్యూటీ నుంచి వస్తూ మైనం కొట్టుకెళ్ళాను. కొట్టువాడు, ఏ రకం కావాలి సార్, గ్లాసుల్లో పోసుకునేదా, అచ్చుల్లో పోసేదా, రెండూ వేరు అని ఏదో చెప్పబోయాడు. మైనం మైనమేనయ్యా, మైనంలో మైనస్‌లూ ప్లస్‌లూ ఏమిటి అని నా గొంతుతో వాడి గొంతు మూసేశాను. వాడు చేతికందింది కట్టిచ్చాడు. తెచ్చి, అటకమీద పాత అట్టపెట్టెలో పాత కాగితం చుట్టి పెట్టేశాను.

రెండ్రోజులకి అత్తగారు గుమ్మం ముందు నిలబడింది. నేను పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నాను.

"ఏమే, మైనం తరగట్లేదేంటే?" అంది. ఆగింది. తర్వాత చాలా నెమ్మదిగా, "నువ్వేనా?" అంది.

ఆ గొంతులో భయం లేదు. చిన్నపిల్ల దాక్కున్న చోటు తెలిసినా తెలియనట్టు పిలిచే తల్లి గొంతు అది. పేపరు వెనక నా మొహం ఎలా పెట్టుకోవాలో నాకు తెలియలేదు. సంచీలోంచి రెండు చీరలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి. చాలనుకున్నాను.

ఆవిడ చిన్నకొడుకు చాలనుకోలేదు. తర్వాత సెలవురోజు మధ్యాహ్నం నీలం ట్రే పోసి, చెమట తుడుచుకుంటూ ఇద్దరం ఇవతలకి వచ్చామో లేదో, ముందుగదిలో ఫోను మోగింది. టికెట్ కొనేశాడట. అత్తగారు కుర్చీలో కూచుని ఊ కొడుతోంది. నేను బీరువా తలుపు తెరిచి చొక్కా వెతుకుతున్నట్టు నటిస్తూ, ఆ చొక్కా ఒంటిమీదే ఉందని మర్చిపోయి, ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాను. ఆవిడ చూపు నా మీదా, నా చూపు ఆవిడ మీదా. ఫోను పెట్టేదాకా ఇద్దరం అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ తర్వాత కలిసే వెనక గదిలోకి వెళ్ళాం.

ట్రే మూల ముద్ర ఉంది.

అత్తగారు ట్రేని చూసింది. గుమ్మాన్ని చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"మీరు నొక్కారా, బాబూ?"

నా వెనక ఇంకెవరైనా బాబు ఉన్నాడేమోనని ఒక్క క్షణం అనిపించింది. ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"నేను మీ కళ్ళముందే ఉన్నాను కదండీ, అత్తయ్యగారూ. మీరు కదా నొక్కేది?"

"ఎరుపుదీ పచ్చదీ నేనే నొక్కాను. నా కూతురు చేస్తుంటే చూడలేదా ఏంటి. ఇది నేను కాదు."

అన్నాళ్ళూ నా నిద్ర చెడగొట్టింది మా అత్తగారి బొటనవేలు. ఇంకో రోజైతే దీని మీద వారానికి సరిపడా జోకులు వచ్చేవి. ఒక్కటీ రాలేదు.

ఆవిడ తన బొటనవేలు ఆ ముద్ర పక్కన ఆనించి తీసింది. మైనం వేలితోపాటు లేచి, తీగలా సాగి, తెగింది. కింద ముద్ర లేదు, పుండులాంటి గుంట ఉంది. వేలు రుద్దుకుని వాసన చూసింది.

"ఇది దాని మైనం కాదు."

నేను తెచ్చానని చెప్పాను. ఎందుకని అడిగింది.

"మీరు వెళ్ళిపోతారని."

రెండు ప్లాట్‌ఫారాల అవతలికి వినబడే గొంతు నాది. ఆ మాట ట్రే దాటి ఆవిడదాకా వెళ్ళిందో లేదో అనిపించింది. వెళ్ళినట్టే ఉంది. ఆవిడ బల్ల అంచు పట్టుకుని స్టూలు మీద కూచుంది.

"అది తెచ్చిపెడుతోందనుకున్నాను" అంది. "వెళ్ళొద్దంటోంది కాబోలనుకున్నాను."

ఒకరికొకరం దయ్యాలమై ఇన్నాళ్ళు కాలక్షేపం చేశామన్నమాట. దయ్యాలిద్దరం బయటపడ్డాక ఇంక గదిలో ఏమీ మిగలకూడదు. కాని ముద్ర మిగిలింది.

నేనూ నా వేలు ఆనించి చూశాను. మైనం నా వేలికీ అంటుకుని లేచింది. గోరులోకి నీలం పోయింది. కాసేపాగి మళ్ళీ చూశాను. మళ్ళీ అంతే. గ్లాసుల్లో పోసుకునే ఈ మెత్తటి మైనం మీద ముద్ర నిలవదు, ఎవరిదైనా సరే. మూలన ఉన్న ముద్ర మాత్రం ఒక్కో గీతా విడివిడిగా, అంచు చెదరకుండా, లక్క మీద వేసిన ముద్రలా ఉంది. ఈసారి వంగి చూశాను. గీతలన్నిటికీ అడ్డంగా, ఏటవాలుగా, ఇంకో గీత.

అత్తగారు చూపుడు వేలు దాని మీదుగా గాలిలోనే కదిలించింది. తాకలేదు.

కత్తిని వేడినీళ్ళలో ముంచి, తుడిచి, ఆ మూల ముక్కని ఆవిడే కోసింది. అచ్చు నూనె రాసి సిద్ధంగా ఉంది గాని ఆ ముక్కని ఆవిడ అందులో వెయ్యలేదు. వేస్తే వెలిగించాలి, వెలిగిస్తే కరగాలి. పాత చీర పేలిక తెచ్చి దాన్ని చుట్టి, సంచీ వైపు నడిచింది.

అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక విద్యలో మాట్లాడాను. "ఆ బండి మధ్యాహ్నం బయల్దేరుతుందండీ. దారంతా ఎండ వేపే కిటికీ. పెట్టె పైకప్పు పెనంలా కాలుతుంది. ఈ మైనం అరచేతి వేడికే జారిపోయేది. మీరు దిగేసరికి గుడ్డకి నీలం మిగులుతుంది, అంతే."

ఆవిడ సంచీ ముందు ఆగింది. తర్వాత పేలిక విప్పి, ముక్కని పింగాణీ సాసరులో పెట్టి, ఎండ తగలని గూట్లో, నీళ్ళకుండ పక్కన ఉంచింది. సాయంత్రం కొడుక్కి ఫోను చేసి, చేతిలో పనుంది, ఇప్పట్లో రానని చెప్పింది. ఏం పనమ్మా అని వాడు అడిగినట్టున్నాడు. చల్లారాలి, అని పెట్టేసింది.

మిగతా నీలం ముక్కలు పేర్చి అదే మైనం పోస్తే, అది అచ్చుని వదల్లేదు. తలకిందులు చేసి తట్టితే సగం ఊడి, నాలాగే ఓ పక్కకి ఒరిగి నిలబడింది. కొట్టువాడి దగ్గరికెళ్ళి, ఈసారి నోరు మూసుకుని, వాడు చెప్పిందంతా విని, అచ్చుల మైనం తెచ్చాను.

అత్తగారు ఇప్పుడు నాతో ఎదురుగానే మాట్లాడుతుంది. నేనూ ఆవిడతోనే. గుమ్మంతో మాట్లాడేది సెలవురోజున ఒక్కసారే. రంగు కలిపి ట్రేలో పోసి, ఇద్దరం ఇవతలకి వచ్చి తెర వేసి, ముందుగదిలో కూచుంటాం. ఎవరమూ నొక్కి చూడం. ఇంతవరకూ మళ్ళీ ముద్ర పడలేదు. కోసే వేళ దాటిపోయి, కత్తి పెడితే పెళ్ళున పగులుతుంది. పగిలినవన్నీ మళ్ళీ గిన్నెలో వేసి కరిగిస్తాం. దుకాణం ఆవిడ అడగడం మానేసింది.

అయినా పోస్తాం. పోసి వచ్చి కూచుంటాం. నేను గట్టిగా ఊపిరి కూడా తియ్యను. తెర అవతల మైనం చల్లబడుతూ చిన్నగా చిటపటమంటుంది. అత్తగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని, గుమ్మం వైపు తిరిగి అంటుంది.

"తొందరేం లేదే. చూసి చెప్పు."