నల్లబడ్డ నూనె

మార్త సంచి సర్దుతోంది. సర్దడమంటే పెట్టినవే బయటికి తీసి, దులిపి, మళ్ళీ పెట్టడం. నాలుగు తెల్లచీరలు, ఒక దుప్పటి, పాతగుడ్డ చుట్టిన గోంగూర జాడీ. చెల్లెలు దానమ్మ గోడకానుకుని నవ్వుతోంది.

"అక్కా, అండమాన్‌లో కూడా మనుషులే ఉంటారంట. చింతపండు దొరుకుద్దంట."

"దొరక్కపోతేనో?" అంటూ చింతపండు ముద్దను మూలకి కుక్కింది మార్త.

ఎవరు ఊరెళ్తున్నా మార్త సంచి పదిసార్లు విప్పి చూస్తుంది. ఏదో ఒకటి పెట్టడం మరిచిపోతాననీ, ఆ మరపు వల్లే వెళ్ళిన మనిషికి చెడు జరుగుతుందనీ ఆమె భయం. అయినా ఈ ప్రయాణం మాత్రం ఆగకూడదని ఆర్డరు అందినప్పటి నుంచీ ప్రార్థన చేస్తూనే ఉంది. తల్లి పోయాక దానమ్మను చంకనేసుకుని పెంచింది తనే. పెళ్ళయిన ఏడాదికే ఆ పిల్ల మొగుడు పోయాడు. గుంటూరులో నర్సు చదువు చదివి, ఏళ్ళ తరబడి ఉద్యోగానికి ఎదురుచూసింది. వయసు హద్దు దాటబోతుండగా ఇప్పుడు వచ్చింది, సర్కారు ఉద్యోగం, అండమాన్ దీవుల్లో.

వచ్చింది కానీ ఆలస్యంగా వచ్చింది. డెబ్భై నాలుగు మే నెల. దేశమంతా రైళ్ళ సమ్మె. టపా ఎక్కడ ఆగిందో ఏమో, ఆర్డరు ఆ సాయంత్రమే వాళ్ళుండే భవానీపురం చేరింది. మర్నాడు పొద్దుగూకేలోగా మద్రాసు రేవులో ఓడ ఎక్కాలి. ఎక్కకపోతే ఉద్యోగం వరసలో తర్వాతి మనిషికి పోతుంది. బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఇక మిగిలింది మార్త భర్త శౌరయ్య టాక్సీ. గవర్నర్‌పేట స్టాండులో తిరిగే పాత అంబాసిడర్.

ఆ కారును తలుచుకుంటేనే మార్తకి గుబులు. నిరుడు ఎండల్లో చిలకలూరిపేట దగ్గర నూనె పలచబడి, ఇంజను బిగుసుకుని పట్టేసింది. రెండు నెలలు షెడ్డులో పడి ఉంది. అప్పుడైనా బుద్ధి రావాలా? స్టాండులో డ్రైవర్లెవరూ పాత నూనె దించి కొత్తది పోయరు. తగ్గినప్పుడల్లా పీపాలోంచి కొలిచి ఇచ్చే లూజు నూనె పైపైన పోసుకుంటారు. శౌరయ్యా అంతే.

ఓడ ఇంజన్‌రూములో పనిచేసే ఆమోసు సెలవు మీద వచ్చి అదే వీధిలో ఉన్నాడు. శౌరయ్యకి తమ్ముడి వరస. సంగతి విని ఒక పెద్ద డబ్బా పట్టుకొచ్చాడు.

"సింగపూర్‌లో కొన్నానన్నా. ఇది భూమిలోంచి తోడి శుద్ధి చేసిన నూనె కాదు, ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారుచేసింది. ఎంత కాగినా నీళ్ళలా అవదు."

"ధరెంతరా?"

"మామూలు నూనెకి అయిదింతలు."

శౌరయ్య పడీపడీ నవ్వాడు. "ఆ డబ్బుతో ఇంజన్లో నెయ్యే పొయ్యొచ్చు కదరా!"

పక్కనే ఉన్న వెంకటప్పయ్య ఇంకా గట్టిగా నవ్వాడు. అతనిదీ టాక్సీయే, కానీ కొత్త కారు. మర్నాడు అతనూ మద్రాసు బేరానికే వెళ్తున్నాడు. "శౌరయ్యా, నీ ముసలి బండికి సింగపూర్ సెంటు కూడా రాయి. పీపా నూనె పోసుకుని నేను ముందే వెళ్ళి, రేవులో మీకు కాఫీ చెప్పి ఉంచుతాలే."

మార్త లోపలికి వెళ్ళింది. వానలొచ్చేలోగా ఇంటికి తాటాకు మార్పించాలని దాచిన డబ్బు తెచ్చి ఆమోసు చేతిలో పెట్టింది.

"ఏంటే ఇది?" అన్నాడు శౌరయ్య.

"పొయ్యండి."

"సగం ఇదీ, సగం లూజూ కలుపుదాం. సగం దాచుకోవచ్చు."

"కలిపితే నేను కారెక్కను. నేనెక్కకపోతే దానమ్మని పంపను. పాతదంతా దించండి."

అతను గొణుక్కుంటూ కారు కింద దూరాడు. పాత నూనె తారులా ముద్దలు ముద్దలుగా జారింది. చివరి బొట్టు పడేదాకా మార్త నడుం మీద చేయి పెట్టుకుని అక్కడే నిలబడింది. ఆ తర్వాతే డబ్బా మూత తీయనిచ్చింది.

తెల్లారకముందే కృష్ణ దాటారు. గుంటూరు దాటేసరికే ఎండ చురుక్కుమంది. మార్త వెనకసీట్లో దానమ్మ చెయ్యి పట్టుకుని, కళ్ళు మాత్రం ముందు నూనె ఒత్తిడి చూపించే ముల్లు మీదే పెట్టి కూర్చుంది. కారు వేడెక్కి నూనె పలచబడితే ఆ ముల్లు కిందికి వాలడం ఆమెకు తెలుసు. చిలకలూరిపేట వచ్చింది. వాలలేదు. అద్దంకి అడ్డరోడ్డు వచ్చింది. వాలలేదు.

ఒంగోలులో శౌరయ్య కారాపి, బానెట్ ఎత్తి, నూనె కొలిచే పుల్ల బయటికి లాగాడు. లాగి కేకేశాడు.

"చూడవే నీ సింగపూర్ నూనె! రాత్రి తేనెలా ఉంది, ఇప్పుడు మసి! ఇంటికప్పు తగలేసి మసి కొన్నావు!"

మార్త దిగొచ్చి చూసింది. నిజమే, నూనె నల్లగా ఉంది. డబ్బంతా పోయింది, చెల్లెలు ఇక్కడే ఆగిపోతుంది అనుకుంది. దారిన పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. ఆమె ఆ నూనె వేలికి రాసుకుని చూసి, మెల్లిగా అంది.

"మీ ఖాకీ చొక్కా ఉతికితే నీళ్ళు ఏ రంగొస్తాయి?"

"దానికీ దీనికీ ఏంటే?"

"ఇన్నాళ్ళ మురికీ కడుగుతోందేమో. ముల్లు చూశారా? నిరుడు ఈ పాటికి ఎక్కడుందది?"

శౌరయ్య లోపలికి తొంగిచూశాడు. ముల్లు పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంది. నూనె మట్టం కూడా తగ్గలేదు. పుల్ల తుడిచి పెట్టేశాడు.

"బావా, మాట పడిపోయిందేంటి?" అంది దానమ్మ.

"నోర్మూసుకుని ఎక్కవమ్మా, ఓడ పోద్ది."

కావలి దగ్గర రోడ్డుపక్కన కొత్త అంబాసిడర్ బానెట్ ఎత్తి ఉంది. వెంకటప్పయ్య తలమీద తడిగుడ్డ కప్పుకుని తుమ్మచెట్టు నీడలో కూలబడ్డాడు. శౌరయ్య ఆపాడు.

"ఏమైందిరా?"

"పట్టేసింది" అన్నాడు తలెత్తకుండానే.

మార్త అతనికి మరచెంబులో నీళ్ళిచ్చింది. కావలిలో మెకానిక్కుని చూసి పంపుతామని చెప్పారు, పంపారు కూడా. కాఫీ మాట ఎవరూ ఎత్తలేదు. కారు కదిలాక మాత్రం దానమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. శౌరయ్య అంతకంటే ఎక్కువ నవ్వాడు.

నెల్లూరు, నాయుడుపేట, గుమ్మిడిపూండి. మద్రాసు రేవు గేటు ముందు ఆగినప్పుడు ఇంకా ఎండ ఉంది. ఓడ ఇంకా ఉంది. అంత పెద్ద ఓడని మార్త చూడటం అదే తొలిసారి. దానమ్మ సంచి భుజానికి తగిలించుకుని పరుగెత్తింది. నిచ్చెనమెట్ల మీద సగం ఎక్కి, వెనక్కి తిరిగి, రేవంతా వినేలా అరిచింది.

"బావా! నెయ్యి పోసినా ఇంత పరుగు రాదు!"

శౌరయ్య కారులో కూర్చుని హారను నొక్కిపట్టాడు. గేటు కాపలావాడు తిడుతున్నా వదల్లేదు. మార్త ఏడుస్తూ, నవ్వుతూ, రెండు చేతులూ ఊపింది.

తిరిగొచ్చాక స్టాండులో శౌరయ్యని నలుగురూ చుట్టుముట్టారు. వెంకటప్పయ్య అందర్నీ తోసుకుని ముందుకొచ్చాడు. "ఆమోసు దగ్గర ఇంకో డబ్బా ఉందా అన్నా?"

శౌరయ్య కాలుమీద కాలేసుకున్నాడు. "గవర్నర్‌పేట నుంచి స్టేషన్‌కి తిరగడానికైతే దండగ. వేళకు మంచి నూనె మార్చుకో, చాలు. ఎండల్లో మద్రాసు దాకా మనిషిని చేర్చాలంటే మాత్రం అయిదింతలు కాదు, పదింతలైనా పెట్టు. మా ఆవిణ్ణడుగు, చెబుద్ది."

అతను జనం ముందు మార్త మాటని ఒప్పుకోవడం అదే మొదలు. ఆ వానాకాలం ఇల్లు మూడుచోట్ల కారింది. గిన్నెలు పెట్టుకుని మార్త హాయిగా నిద్రపోయింది.

దానమ్మ ఉత్తరాలు వచ్చేవి. పడవల్లో దీవి నుంచి దీవికి తిరుగుతున్నాననీ, తన చేతిమీద పుట్టిన ఒక పిల్లకి మార్త అని పేరు పెట్టారనీ రాసింది.

దానమ్మ తిరిగి రాలేదు. డెబ్భై ఎనిమిది ఆగస్టులో ఆ దీవుల్లోనే జ్వరంతో పోయింది.