చేయి తగలని కవర్లు

సంచి సర్దడం ఈ ఇంట్లో నా పని. ఎవరు ఏ ఊరు వెళ్ళినా మాత్రలు, మంచినీళ్ళు, తువ్వాలు, మళ్ళీ ఒకసారి మాత్రలు అని గొణుక్కుంటూ నేనే సర్దుతాను. సర్దినంతసేపూ గుండె దడే. మా అమ్మ నా పెట్టె సర్ది అత్తవారింటికి పంపిన రోజే ఆమెను ప్రాణంతో చూడడం ఆఖరు. ఆ బుధవారం పొద్దున సర్దింది కోడలి సంచి. ఒక్కరోజు ప్రయాణం. కవర్లు అచ్చువేసే ఫ్యాక్టరీకి వెళ్ళి, ఏ రకం కావాలో చెప్పి, సాయంత్రం బస్సుకి వచ్చెయ్యాలి.

మాది వేయించిన గింజల వ్యాపారం. మాది అంటున్నాను గాని, బోర్డు మీద ఉన్నది మా ఆయన పేరు, బిల్లుల మీద ఉన్నది మా అబ్బాయి పేరు. వేయించేది, ఉప్పు పట్టించేది, కవర్లలో నింపి మూతులు అతికించేది నేనూ కోడలూ. పెళ్ళికి ముందు ఆమె ఒక ప్రింటింగ్ ఆఫీసులో ధరలు కట్టే ఉద్యోగం చేసేది. "ఇంట్లో ఇంత పని పెట్టుకుని బయట ఉద్యోగమేమిటి" అని మాన్పించారు. మాన్పించి, ఆ పనే ఇంట్లో చేయించుకున్నారు, జీతం లేకుండా.

కొత్త కవర్లు మెరిసే గ్లాసీ రకంలో వేయించాలా, మెరవని మ్యాట్‌లో వేయించాలా తేల్చమని అబ్బాయి ఆమెకే చెప్పాడు. ఆదివారం భోజనాలయ్యాక ఆమె రెండు నమూనాలూ బల్ల మీద పెట్టింది.

"మ్యాట్ ఖరీదు కాస్త ఎక్కువ. కానీ షాపులో గొప్పగా కనబడుతుంది, ధర పెంచుకోవచ్చు. చిక్కల్లా, మనది ముదురు రంగు. నూనె చేయి తగిలితే మ్యాట్ మీద మరక నిలబడిపోతుంది. గ్లాసీ అయితే గుడ్డతో ఒక్కసారి రాస్తే చాలు. మ్యాట్‌ని ఒక్కొక్కటీ మెల్లగా తుడవాలి, గట్టిగా రుద్దితే గీతలు. ఆ తుడిచే కూలి కలిపితే గ్లాసీలోనే లాభం."

"తుడిచే కూలా? ఎవరికి?" అన్నాడు అబ్బాయి.

"మాకు."

"అయితే ఊపిరి పీల్చుకున్నందుకు కూడా కలుపు!" పగలబడి నవ్వాడు.

మా ఆయన పళ్ళు కుట్టుకుంటూ, "కూలి తీసుకుంటే ఇంటి ఆడవాళ్ళెలా అవుతారమ్మా?" అన్నారు.

"అదే నేనూ అడుగుతున్నా మామయ్యా," అంది. ఆయనకు అర్థం కాలేదు. నాకు అయింది.

అప్పుడామె రెండు కవర్లూ నా ముందుకు జరిపింది. "అత్తయ్యా, ఏది చదవడానికి వీలుగా ఉందో మీరు చెప్పండి."

నేను బడికి పోలేదు. పొట్లాల కాగితాలు ముందేసుకుని, కూడబలుక్కుంటూ నాకు నేనే చదువు నేర్చుకున్నదాన్ని. ఉప్పెందుకు తగ్గిందని తప్ప ఈ ఇంట్లో ఎవరూ నన్నేదీ అడిగి ఎరగరు. గ్లాసీ మీద ట్యూబులైటు వెలుగే గాని అక్షరం కనబడలేదు. మ్యాట్ మీద అక్షరాలు గింజల్లా విడివిడిగా నిలబడ్డాయి. గట్టిగా చదివాను: "చేయి తగలకుండా తయారుచేసినవి."

కోడలు నా చేతుల వంక చూసింది. నేను ఆమె చేతుల వంక చూశాను. ఉప్పుకి ఒరిసిపోయిన వేళ్ళు, మూకుడు తగిలి కాలిన మచ్చలు. ఇద్దరం కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం.

"చూశావా, అమ్మక్కూడా మ్యాటే నచ్చింది," అన్నాడు అబ్బాయి. జన్మకొక్కసారి నన్నడిగిన మాటని పట్టుకెళ్ళి ఆ పిల్ల నెత్తినే వేశాడు.

"మరి తుడిచేదెవర్రా?" అన్నాను.

"నువ్వున్నావుగా. రోజంతా ఖాళీయేగా."

అంతటితో తేలిపోయింది.

బుధవారం పొద్దున ఆమె ఒక్కొక్కటే అందిస్తోంది, నేను మడిచి పెడుతున్నాను. ఒక జత బట్టలు. ఇంకో జత. మరో రెండు. మండే ఎండల్లో స్వెట్టరు. ఉద్యోగం నాటి పాత కాలిక్యులేటరు. నా చేతులు ఆగలేదు. అడిగితే ఆమె చెప్పాల్సి వస్తుంది. చెబితే నేను ఆపాల్సి వస్తుంది.

"ఇంకా చోటుంది అత్తయ్యా," అంది సంచిలోకే చూస్తూ, నెమ్మదిగా.

ఉంది. నా బట్టలు రెండు జతలు పట్టేంత చోటు. లోపలి గదిలో మా ఆయన దగ్గారు, మందు ఏదని పిలిచారు. నేను ఆ చోట్లో మంచినీళ్ళ సీసా కుక్కి, అన్నిటి మీదా నమూనా కవర్లు పరిచాను.

అబ్బాయి గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఒక్కరోజుకి అంత సంచేమిటి?"

"మ్యాట్ కవర్లు రా," అన్నాను. "కింద మెత్తగా బట్టలు లేకపోతే గీతలు పడిపోతాయి."

"అబ్బో, అమ్మకి కూడా వ్యాపారం వచ్చేసిందే!" అని నవ్వుతూ, ఆ సంచి బస్సు దాకా తనే మోసుకెళ్ళాడు.

ఆర్డరు మాత్రం ఆమె సరిగ్గానే ఇచ్చి వెళ్ళింది. మ్యాట్ కవర్లు వచ్చాయి. ఇప్పుడు వేయించేదీ నేనే, నింపేదీ నేనే, తుడిచేదీ నేనే. తుడిచే ముందు ఒక్కో కవరూ చదువుతాను, ఈ ఇంట్లో నాకు చదువుకోవడానికి ఉన్నది అదొక్కటే. ఏ చేయీ తగల్లేదని రాసి ఉన్న చోటే నా బొటనవేలి ముద్ర పడుతుంది. దాన్ని నేనే మెల్లగా చెరిపేస్తాను.

మా కోడలు తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది తొమ్మిదేళ్ళ కిందట, ఎండాకాలంలో, ఒక బుధవారం.