ఇరవై ఆరో గీత

1968 డిసెంబరులో మా యూనివర్సిటీ హాస్టల్‌కి నేనే మెస్ సెక్రటరీని. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నానన్న గీర ఒకటి, ముక్కుమీది కోపం ఒకటి. ఈ రెండూ ఒక్కచోట చేరితే ఎదుటివాడి గతి చెప్పక్కర్లేదు.

మాకు పాలు తార్నాక నుంచి పోచవ్వ తెచ్చేది. ముందు అక్కడి ఇళ్ళన్నిటికీ పోసి, ఏడు దాటాక మా దగ్గరికి వచ్చేది. పొద్దున్నే క్లాసులున్నవాళ్ళు చాయ్ అందడం లేదని గోల చేస్తే ఆమెను పిలిచి హుకుం జారీ చేశాను.

"రేపటి సంది పాలు పిండంగనే సక్కగ మా దగ్గరికే తేవాలె అవ్వా. ఇండ్లకు తర్వాత పొయ్యాలె."

మర్నాడు ఆరు కాకముందే వచ్చింది పాపం, రొప్పుతూ. ఎప్పటిలాగే నేను గాజు జాడీలో పాలు పోసి లాక్టోమీటరు వదిలాను. పాలు చిక్కగా ఉంటే అది పైకి తేలుతుంది, పల్చనైతే లోపలికి దిగుతుంది. ఇరవై ఎనిమిదో గీతకు తగ్గిందంటే నీళ్ళు కలిసినట్టే లెక్క. ఆ రోజు ఇరవై ఆరు దగ్గర ఆగింది.

"ఏంది అవ్వా ఇది? తొందరగ తెమ్మంటే నీళ్ళు కలిపి తెస్తవా?"

"అయ్యో, నా బర్రెల మీద ఒట్టు బిడ్డా! సుక్క నీళ్ళు కలపలె."

"మిషిను అబద్ధం చెప్తదా?"

చాయ్ కోసం వరుసలో నిలబడ్డ ముప్పై మంది ముందు ఆ మాటన్నాను. అంతటితో ఆగానా? పోచవ్వ పాలు ఆపేయాలని వార్డెన్‌కి చీటీ కూడా రాసేశాను. ఎనిమిదింటికి ఆయన సంతకం పడిందంటే ఆమెకు హాస్టల్ వాడుక పోయినట్టే. ఆ కబురు తార్నాకకు పాకితే ఇళ్ళ వాడుకలూ పోతాయి. అదంతా తెలిసే రాశాను. పోచవ్వ మళ్ళీ నోరెత్తలేదు. గడప పక్కన కూలబడి పాలక్యాను వంకే చూస్తూ ఉండిపోయింది. తప్పు చేసింది కాబట్టే మాట రావడం లేదని తేల్చేసుకున్నాను.

జాడీలో పాలు పారబొయ్యమని వంటాయన రాజలింగుకి చెప్పాను. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"ఏమైంది రాజలింగూ?"

"ఏం లేదు సార్. ఈ సలికి చేతులకు మంచిగున్నది. పాలు ఇంక వెచ్చగనె ఉన్నయి."

నేనూ జాడీ ముట్టుకుని చూశాను. వేడికి ఏ ద్రవమైనా వ్యాకోచిస్తుంది. బరువు అంతే ఉండి చోటు పెరిగితే సాంద్రత తగ్గుతుంది. తొమ్మిదో తరగతి పిల్లవాడు కూడా చెప్తాడు! రోజూ ఏడు దాటాక చల్లారిన పాలు కొలిచేవాణ్ణి. ఇవాళ నా హుకుం మీదే పొదుగు వేడితో వచ్చిన పాలను కొలిచి, ఆమెను దొంగను చేశాను. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే.

జాడీని చన్నీళ్ళ బకెట్లో పెట్టించాను. పావుగంట సేపు నేను పడ్డ ఆరాటం ఏ పరీక్షకూ పడలేదు. మళ్ళీ లాక్టోమీటరు వదిలాను. అది ఊగి ఊగి ఇరవై తొమ్మిది దగ్గర నిలబడింది. అమ్మయ్య అనుకుని చీటీ నాలుగు ముక్కలు చేశాను. వరుసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పాను.

"పాలు మంచియే! తప్పు నాది. వేడి పాలు కొలిచిన. అవ్వా, నన్ను మాఫ్ చెయ్యి."

పోచవ్వ నా మొహంలోకి చూసింది.

"నిజంగ నీళ్ళు లెవ్వా బిడ్డా?"

"లెవ్వు అవ్వా. నీకు తెల్వదా?"

"నాకేం ఎరుక? పాలు పిండేది నా కోడలు కాశమ్మ. సదువుకున్నోనివి, మిషిను పెట్టి చెప్తివి. కోడలే కలిపిందేమో అనుకున్న. ఇంటికి వోంగనె జుట్టు వట్టి బయటికి గుంజుదామని గీడ కూసున్న." కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది, ఏడ్చింది. "బంగారమసొంటి పిల్ల. బతికిచ్చినవ్ కొడుకా."

నన్ను తిట్టినా బాగుండేది. నేను ఎన్నడూ చూడని ఒక ఇంట్లో, నిద్రలేచి బర్రెలు పిండిన పాపానికి ఒక పిల్ల తన్నులు తినబోయింది. పోచవ్వ ఖాళీ క్యాను చంకనెత్తుకుని వచ్చినదానికంటే వేగంగా తార్నాక దారి పట్టింది.