చూడని అరగంట

నీళ్లు కాగాయో లేదో తెలుసుకోవడానికి ద్వాలి మూత తీయదు. గుండిగ పక్కకి చెవి తీసుకెళ్లి వింటుంది. నీళ్లు ముందు సన్నగా ఈల వేస్తాయి, తర్వాత గొణుగుతాయి, ఆ తర్వాతే మాట్లాడతాయి. మాట్లాడినప్పుడు బియ్యం పోయాలి. ఆ పొద్దున కూడా అలాగే విని, కిచిడీకి కడిగి పెట్టుకున్న బియ్యమూ పెసరపప్పూ పోసి, తెడ్డు తిప్పసాగింది.

పొట్టి మనిషి. పంతొమ్మిదేళ్లుగా తెడ్డు తిప్పి తిప్పి కుడిచెయ్యి ఎడమదాని కన్నా లావెక్కింది. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. ముంజేతి మీద ఎప్పుడో గంజి పడి కాలిన మచ్చ, దాని చుట్టూ చర్మం బిగుసుకుపోయి నిగనిగలాడుతుంది. భద్రాచలం దాటి దుమ్ముగూడెం పోయే రోడ్డు పక్కన, టేకుచెట్ల మధ్య ఉన్న ఆ ఆడపిల్లల హాస్టల్లో రెండొందల నలభై మందికి వండిపెట్టేది ఆమే. పిల్లలు ఆమెను పేరుతో పిలవరు. లంబాడీ పిల్లలు 'యాడీ' అని పిలిస్తే, అంటే అమ్మా అని, విని విని కోయ పిల్లలూ అదే అలవాటు చేసుకున్నారు. హాస్టలు గేటుకు సాయంత్రం ఆరింటికి తాళం పడుతుంది. ఆ తాళం పిల్లల కోసమే అయినా, లోపల పడుకునే ద్వాలికి కూడా పడుతుంది.

కొలువులో ఈ రోజే ఆఖరు, అరవై దాటితే ఉంచరు. ఈ జనవరికి ఆమెకు అరవై నిండాయని ఆధార్ కార్డు చెబుతోంది. కార్డు రాసే రోజు ఒకాయన తండాకు వచ్చి, పుట్టిన తేదీ తెలియనివాళ్లందరికీ జనవరి ఒకటి వేసుకుంటూ పోయాడు. తండాలో సగం మంది ఒకే రోజు పుట్టారు, ఒక్కరికీ పుట్టినరోజు పండుగ లేదు. సంవత్సరం మాత్రం ఆయన మొహం చూసి వేశాడు. ఎండలో పనిచేసిన మొహం కదా, నాలుగేళ్లు ఎక్కువ పడ్డాయి. వార్డెన్ సుశీలమ్మ పోయిన వారం ఆ సంగతి చెబుతూ తనే కళ్లు తుడుచుకుంది. కొత్త వంటామె కన్నమ్మ రెండు రోజుల ముందే వచ్చి, వెనకే తిరుగుతూ పని నేర్చుకుంటోంది.

కిచిడీ కోసం వరసలో నిలబడ్డ పిల్లలు అప్పుడే కొట్లాట మొదలుపెట్టారు. శనివారమంటే సినిమా రోజు. చూసేవన్నీ బొమ్మల సినిమాలే.

"ఎలుగుబంట్ల బస్సు సినిమా మస్తుంటది. తల్లి ఎలుగుబంటి టికెట్లు కొడతది సూడు, గది!"

"గది మూడుసార్లు సూసినం. మబ్బులు కుట్టే పిట్టది ఎవ్వలు అడగరు. గంత మంచి సినిమా ఇంకోటి లేదు."

"పిట్టదాన్ల పాటలే లేవు."

"పాటలుంటెనే సినిమానా?"

ద్వాలి గరిటెతో పళ్లాలు నింపుతూ వింటుంది గానీ నోరెత్తదు. ఆమెకూ ఒక సినిమా ఉంది. దాని గురించి నాలుగేళ్లుగా ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు.

ఈ సినిమాల సంబరం మొదలుపెట్టింది పద్మప్రియ టీచరు. బదిలీ మీద కుసుమంచి వెళ్లిపోతూ, నలభై సినిమాలున్న పెన్‌డ్రైవ్ వార్డెన్ బీరువాలో పెట్టి, ఒక పద్ధతి కూడా పెట్టి వెళ్లింది. శనివారం పొద్దున పిల్లలు తమకు నచ్చిన సినిమా పేరు చీటీ మీద రాస్తారు. వంటింట్లో బియ్యం కొలిచే మానిక తీసుకుపోయి అందులో వేస్తారు. ఒక చీటీ తీస్తారు. ఏది వస్తే అది, మూడున్నరకు, హాల్లో టీవీ మీద.

ద్వాలి కూడా చూసేది, గుమ్మం దగ్గర, గోడకానుకుని. కానీ నాలుగూముప్పావుకు లేవాలి. పిల్లలకు అన్నం ఆరింటికి. వండినవాళ్లు ముందు తాము తిని, రిజిస్టరులో వేలిముద్ర వేసి, అరగంట వంటింట్లోనే ఆగాలి. వాళ్లకేమీ కాలేదంటేనే పిల్లలకు వడ్డన. అందుకని ఆమె నాలుగేళ్లలో ఎన్నో సినిమాల మొదళ్లు చూసింది. ఆఖరు ఒక్కదానిదీ చూడలేదు. పెద్దగా బాధపడలేదు కూడా. ఎలుగుబంట్లు ఇల్లు చేరతాయని, పిట్ట గూడు కడుతుందని ఆమెకు తెలుసు. చిన్నపిల్లల సినిమాలు అన్యాయంగా అయిపోవు.

ఒక్కటి మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. అందులో ఒక కంచరగాడిద. ఉప్పుగనిలో, భూమి అడుగున బండి లాగుతుంది. పుట్టాక ఒక్కసారీ పైకి రాలేదు. మాటలు తక్కువ, అవి కూడా ఎవరికీ తెలియని భాష. పిల్లలు సగం మంది నిద్రపోయారు. ద్వాలి మాత్రం రెప్ప వేయకుండా చూసింది. ఆమె పెనిమిటి బిచ్యా ఇల్లందులో బొగ్గుబావి పనికి పోయేవాడు. పెళ్లయిన కొత్తలో ఆమె బావి గేటు దగ్గర నిలబడి, పైన చక్రం తిరిగితే మనుషులు పైకొస్తున్నారని లెక్క పెట్టుకునేది. లోపల ఎట్లుంటదని అడిగితే, "చీకటి. ఏముంటది?" అనేవాడు. అంతే చెప్పాడు, తర్వాత చాలా ఏళ్లకు దగ్గుతో పోయాడు. ఆ లోపల ఎలా ఉంటుందో ద్వాలికి మొదటిసారి చూపించింది ఆ బొమ్మల సినిమా. గాడిద లిఫ్టు దగ్గరకు వచ్చి నిలబడిన చోట ఆమె అన్నం వండడానికి లేచిపోయింది.

"ఆఖరుకు ఏమైంది?" అని తర్వాత పిల్లల్ని అడిగింది. ఒకతె చచ్చిపోయిందంది. ఒకతె రెక్కలొచ్చి ఎగిరిందంది. మిగతావాళ్లు ఆవలించారు.

చీటీ వేసే హక్కు వంటమనిషికి లేదని ద్వాలికి తెలుసు. చదువు రాదని కూడా తెలుసు. కానీ ఆశ చెడ్డది. ప్రతి శనివారం చాయపత్తి ప్యాకెట్ అట్ట చించి, లోపలి తెల్లటి వైపు పెన్సిల్‌తో గాడిద బొమ్మ గీసి, పిల్లలు వచ్చేలోపు మానిక అడుగున వేసేది. దాని ముందు ఒక గుండ్రటి గీత గీసేది, అది గని నోరు. ఇన్ని వారాల్లో ఒక్కసారీ ఆమె చీటీ రాలేదు. రెండొందల నలభైలో ఒకటి, వస్తుందా అని సర్దిచెప్పుకునేది.

ఆ రోజు పదకొండింటికి మానిక తీసుకుపోయిన సంగీత, సినిమాల బాధ్యత చూసే తొమ్మిదో తరగతి పిల్ల, పది నిమిషాలకే వెనక్కి వచ్చింది. ఒక చేతిలో మానిక, ఇంకో చేతిలో అట్టముక్క.

"యాడీ, గిది నీదా?"

ద్వాలి పచ్చిమిరపకాయలు తుంచుతున్నదల్లా ఆగింది. "నాది కాదు."

"చాయపత్తి వాసనొస్తున్నది." పిల్ల నవ్వలేదు. "చీటీలు వేసే ముందు మేము మానిక బోర్లించి దులుపుతం. అడుగున గిట్లాంటివి పడతయి. వంటింటి చెత్త అనుకొని పారేసేటోళ్లం. ఇయ్యాల తిప్పి సూసిన, బొమ్మ ఉంది."

నాలుగేళ్ల చీటీలు. చీటీలు పడకముందే ఊడ్చేశారు. ద్వాలికి నవ్వొచ్చింది.

"గుర్రమా?"

"కంచరగాడిద. ఉప్పుగనిది."

"అవ్! నేను ఐదోదాన్ల ఉన్నప్పుడు పెట్టిండ్రు. నేను పండుకున్న." సంగీత కాసేపు అట్ట వంక చూసి, దాన్ని మానికలో వేసుకుని వెళ్లిపోయింది. హాల్లో ఆమె గొంతు ఇక్కడికి వినపడింది. "ఇయ్యాల చీటీలు తియ్యం. ఎవ్వలు మెచ్చని సినిమా పెడుతున్నం. యాడి కోసం. ఇయ్యాల గాకుంటే ఆమెకు ఇంకెప్పుడు?" కొందరు మూలిగారు. కానీ ఎవరూ కాదనలేదు.

పెరట్లో బియ్యం చెరుగుతున్న కన్నమ్మ కూడా ఆ మాటలు విని లోపలికి వచ్చింది. "రాత్రి వంట నేను సూసుకుంట అక్కా. నువ్వు ఆఖరిదాకా కూసో."

మూడున్నరకు ద్వాలి గుమ్మం దగ్గర కాదు, పిల్లల మధ్య చాప మీద కూర్చుంది. పంతొమ్మిదేళ్లలో ఆ హాల్లో ఆమె అలా కూర్చోవడం అదే మొదలు. ఒక చిన్నపిల్ల ఆమె తొడ మీద తల పెట్టుకుంది.

తెల్లటి గోడలు. దీపం వెలుగుకు మెరిసే ఉప్పు. గాడిద కళ్ల మీద ఉప్పుపొర. ఒక పనివాడి బూటుకు అంటుకుని పైనుంచి ఒక గడ్డిపోచ వచ్చింది. గాడిద దాన్ని తినలేదు, వాసన చూసింది. ఆ వాసన ఎటునుంచి వచ్చిందో వెతుక్కుంటూ రాత్రిళ్లు కట్టు తెంపుకుని సొరంగాల్లో తిరగసాగింది. ఈసారి పిల్లలెవరూ నిద్రపోలేదు. గాడిద దారి తప్పినప్పుడల్లా "అటు కాదు, అటు కాదు" అని అరిచారు. ద్వాలికి గర్వంగా అనిపించింది, తనే కన్నట్టు.

గాడిద లిఫ్టు దగ్గరికి వచ్చింది. ఇనపజాలీ తలుపు. పైనుంచి సన్నటి గాలి. ముందుకాలు ఒకటి ఎత్తింది.

నాలుగూముప్పావు.

హాలుకీ వంటింటికీ మధ్య ఒక్క గోడ. ఆ గోడ అవతల నీళ్లు మాట్లాడడం ద్వాలికి వినిపించింది. నిన్న దింపిన బస్తాల్లోవి కొత్త బియ్యం. ఒక్క పొంగు ఎక్కువైతే ముద్దవుతుంది. కన్నమ్మకు అన్నీ చెప్పింది, ఉప్పు డబ్బా ఎక్కడుందో, ఏ పొయ్యి మండదో చెప్పింది. బియ్యం కొత్తవన్న మాట చెప్పలేదు. ఆఖరి రోజున పిల్లలకు ముద్ద పెట్టి పోవడమా? తెర మీద గాడిదను చూస్తూనే ఉంది, కాళ్లు మాత్రం అప్పటికే లేచాయి. ఒక్క నిమిషం, వచ్చేస్తాననుకుంది. చిన్నపిల్ల తలను మెల్లిగా చాప మీదికి దించి, చీకట్లో ఎవరికీ తెలియకుండా బయటికి నడిచింది.

కన్నమ్మ కడిగిన బియ్యం ఆఖరి తట్ట గుండిగలో పోసి, తెడ్డు తిప్పుతోంది. "ఏంది అక్కా, వచ్చినవ్? కొత్త బియ్యం గదా, జల్దీ దించుత, నాకెరుకే."

ఎరుకే. ఆ ఒక్క మాట ద్వాలికి చెంపదెబ్బలా తగిలింది. అయినా కదల్లేదు. పొంగు వచ్చింది, తగ్గింది. గంజి వార్చారు. మెతుకు తీసి వేళ్ల మధ్య నొక్కి చూసింది. పువ్వులా ఉంది. ఆమె రాకున్నా పువ్వులానే ఉండేది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో వార్డెన్ సుశీలమ్మ, చంకలో రిజిస్టరు. "మంచిదైంది, ఇక్కడే ఉన్నవ్. కన్నమ్మ పేరు రేపటినుంచి ఎక్కుతది. ఇయ్యాల రుచి చూసేది నువ్వే ద్వాలీ. జల్దీ తిను, నీ కొడుకు కూడా వస్తనన్నడు."

సినిమా చూసి వచ్చి తింటానమ్మా అనొచ్చు. సుశీలమ్మ సరేననేదే. ద్వాలికి ఆ మాట నోటికి రాలేదు. పంతొమ్మిదేళ్లుగా ఆ నోరు అడగడం నేర్చుకోలేదు, ఇప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? పళ్లెంలో అన్నం పెట్టుకుని, పప్పు పోసుకుని తిన్నది. వేలిముద్ర వేసింది. పీట మీద కూర్చుని, తనకేమైనా అవుతుందేమోనని అరగంట ఎదురుచూసింది.

గోడ అవతలినుంచి పిల్లనగ్రోవి వినిపించింది. తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత రెండొందల నలభై గొంతులు ఒక్కసారిగా "ఓ" అన్నాయి. అది సంతోషమో దుఃఖమో ఆమె పోల్చుకోలేకపోయింది. నీళ్ల మాట తెలిసిన చెవికి ఆ ఒక్క కేక తెలియలేదు.

సంగీత మొదట పరిగెత్తుకొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "యాడీ! సూసినవా?"

నీ కోసం పెట్టించాను అన్న వెలుగు ఆ పిల్ల మొహం నిండా ఉంది. దాని మీద నీళ్లు చల్లడం ద్వాలికి చేతకాలేదు.

"సూసిన బిడ్డా."

"గట్లయితదని ఎవ్వలం అనుకోలే గదా!"

"అవ్. ఎవ్వలం అనుకోలే."

"నువ్వు సుత ఏడ్చినవ్."

"పొగ." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇక ఎవరినీ అడగడానికి లేదు. చూశానని చెప్పిన మనిషి ఏమైందని ఎలా అడుగుతుంది? తన నోటితోనే ఆ తలుపూ మూసేసుకుంది.

ఐదూముప్పావుకు కొడుకు బలరాం బండి మీద వచ్చాడు. సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని, షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు, చొక్కా నిండా కర్రపొట్టు. తల్లి బట్టల సంచి ముందర పెట్టుకున్నాడు. పిల్లలు గేటు దాకా వచ్చారు. కొందరు ఏడ్చారు, చిన్నవాళ్లు బండి హారన్ కొట్టమని అడిగారు. ఆరు కొడుతుండగా గేటు మూసుకుంది. తాళం చప్పుడు ద్వాలి మొదటిసారి బయటినుంచి విన్నది.

గోదావరి వంతెన మీద గాలి చల్లగా కొట్టింది. అవతలి ఒడ్డున మిల్లు పొగగొట్టాలు.

"బాలూ, మీ అర్రకు కిటికీ ఉందారా?"

"ఒకటుంది. పక్కింటోళ్ల గోడ అడ్డం వస్తది." గేరు మార్చి అన్నాడు. "టీవీ ఉంది గదనే. పొద్దంత పిల్లగాన్ని పట్టుకొని సూసుకుంట కూసో."

టీవీలో వెతికించుకుందామన్నా ఆ సినిమా పేరేమిటో ద్వాలికి తెలియదు. బండి సారపాక వైపు తిరిగింది.

తెల్లవారి కన్నమ్మ బియ్యం కొలుద్దామని మానిక అందుకుంది. పిల్లలు వాడి వెనక్కి పెట్టినట్టున్నారు, అడుగున ఏదో అంటుకుని ఉంది. చాయపత్తి అట్టముక్క. పొయ్యిలో వేయబోయి, ఊరికే తిప్పి చూసింది. గాడిదో గుర్రమో, దాని ఎదురుగా ఒక గుండ్రటి గీత. ఎవరో చిన్నపిల్ల గీసి ఉంటుందనుకుని, కిటికీ పక్కన మేకుకు గుచ్చి నీళ్లు కాగాయేమో చూడటానికి వెళ్లింది. మేకుకు ఆ బొమ్మ అట్లాగే ఉంది, ముందుకాలు ఒకటి ఎత్తి, గీతకు ఇవతలే.